మిర్చిలో నల్ల తామర పురుగుకు ట్రైకోకార్డులు అంటగట్టారు, అసలు మిత్రపురుగులు పనిచేస్తాయా?

పల్నాడు_మిర్చి
మూడెకరాల మిర్చి వేశాను. పూత మొదలైంది. పువ్వు తెంపి అరచేతిలో దులిపితే నల్ల తామర పురుగులు పాకుతున్నాయి. 2021లో ఈ పురుగు మా వైపు ఏం చేసిందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, కాయ నిలవక చేలకు చేలే దున్నేశారు. మందు మీద మందు కొట్టినా దిగలేదు. అందుకే ఈసారి మందులు తగ్గించి మిత్రపురుగులు వదులుదామని టౌన్లో ఒక షాపుకు వెళ్తే ట్రైకోకార్డులు, అంటే ట్రైకోగ్రామా అనే మిత్రపురుగు ఉన్న గుడ్లు అంటించిన అట్టలు, చేతిలో పెట్టి "ఇవి కట్టండి, తామర పురుగు ఉండదు" అన్నాడు. కట్టాను. పురుగు తగ్గకపోగా పెరిగింది. పక్క చేను ఆయన రోజూ గట్టు మీద నిలబడి "పురుగులు కొనుక్కొచ్చి చేలో వదిలే రైతును నిన్నే చూశా" అంటున్నాడు.
ఇదంతా వ్యాపారమేనా, నిజంగా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏ పురుగు, ఎప్పుడు, ఎలా వదలాలో చెప్పండి.

రాజేంద్రనగర్_పీజీ
అన్నా, మిమ్మల్ని మోసం చేశారు. ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు కందిరీగ లాంటిది. అది రెక్కల పురుగులు, అంటే లద్దెపురుగు, శనగపచ్చ పురుగు, కాండం తొలుచు పురుగుల తల్లి చిలుకలు పెట్టే గుడ్లలో తన గుడ్డు పెడుతుంది. తామర పురుగు గుడ్లను ముట్టుకోదు. తామర పురుగు గుడ్డు ఆకు కణజాలం లోపలే ఉంటుంది. మీరు ఎన్ని కార్డులు కట్టినా తామర పురుగుకు ఏమీ కాదు.
ఇంకో సంగతి. ఇది బదనిక, అంటే పురుగు లోపల పెరిగి దాన్ని చంపే రకం. మీకు కావాల్సింది పట్టుకుని తినే రకం, పరభక్షక పురుగు. రెండింటినీ "మిత్రపురుగులు" అని ఒకే గంపలో వేసి అమ్మడం వల్లే ఈ గొడవ.

పల్నాడు_మిర్చి
ఇది షాపులో ఒక్కడైనా చెప్పలేదు తమ్ముడూ.

రాజేంద్రనగర్_పీజీ
చెల్లెల్ని అన్నా 🙂

పల్నాడు_మిర్చి
అయ్యో, సరేనమ్మా. కార్డు మీద గుడ్లు చాలావరకు తెల్లగానే ఉన్నాయి, అక్కడక్కడా నల్లగా. అదేమైనా లెక్కలోకి వస్తుందా?

రాజేంద్రనగర్_పీజీ
అదే అసలు లెక్క. కార్డు మీద అంటించేవి బియ్యపు చిలుక గుడ్లు. వాటిలో ట్రైకోగ్రామా గుడ్డు పెట్టిన నాలుగో రోజుకల్లా గుడ్డు నల్లబడుతుంది. నలుపు ఎంత ఎక్కువ ఉంటే కార్డు అంత మంచిది. తెల్లగా ఉండిపోయాయంటే అందులో బదనిక లేదు. నల్లగా ఉండి చిన్న కన్నం కనిపిస్తే కందిరీగలు దారిలోనే ఎగిరిపోయినట్టు. లద్దెపురుగుకో కాండం తొలిచే పురుగుకో కొనేవాళ్లు కూడా డబ్బులు ఇచ్చే ముందు భూతద్దం పెట్టి చూడండి.

నల్లరేగడి
ఇలాంటి సరుకు అమ్మేవాళ్ల మీద కంప్లైంట్ ఎవరికి ఇవ్వాలి? లైసెన్స్ ఉంటుందిగా?

రిటైర్డ్_ఏవో
అక్కడే చిక్కు బాబూ. బవేరియా, ట్రైకోడెర్మా లాంటి సూక్ష్మజీవుల మందులకు పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. బతికున్న పురుగులకు, బదనికలకు అది అక్కర్లేదు. రైతుకు సులువుగా అందాలనే అలా వదిలారు. దాని మంచి దానికి ఉంది గానీ నాణ్యత ఎవరూ చూడరు. అందుకే ప్రభుత్వ బయోకంట్రోల్ ల్యాబో, వ్యవసాయ, ఉద్యాన యూనివర్సిటీ కేంద్రాలో అయితేనే తీసుకోమని సర్వీసులో ఉన్నన్నాళ్లూ చెప్పేవాణ్ణి. ముందుగా ఇండెంట్ పెట్టాలి, అడిగిన రోజే ఇవ్వరు. బతికిన సరుకు, గోడౌన్లో నిల్వ చేసేది కాదు.

ఖమ్మం_కౌలు
నేను సూటిగా చెప్తా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. కౌలు కట్టి, పెట్టుబడి అప్పు తెచ్చి మిర్చి వేసినోడు పురుగును చూసి "అక్షింతల పురుగు వచ్చి తింటది" అని కూసోలేడు. నేను 2021లో ఎకరంలో సగం పంట పోగొట్టుకున్న. ఈ మిత్రపురుగుల మీటింగులకు పోతే సార్లు స్లైడ్లు చూపిస్తరు, ఫోటోలు మంచిగుంటయ్. చేలో పనిచేస్తదని రాసిచ్చేటోడు ఒక్కడూ లేడు. ల్యాబుల ఉన్న పురుగు వేరే, 40 డిగ్రీల ఎండల చేలో వదిలిన పురుగు వేరే.

గోదారి_వరి
ఖమ్మం అన్న బాధ నిజం. కానీ వరిలో నేను కళ్లారా చూశాను. సుడిదోమ వచ్చిందని ముందే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టిన మళ్లలోనే దోమ తిరగబడింది. మందు కొట్టని మా పిన్ని వాళ్ల మడిలో దోమ ఉంది, కానీ దాన్ని తినే పచ్చటి మిరిడ్ నల్లి, సాలీళ్లు దుబ్బు దుబ్బుకీ ఉన్నాయి. ఆ మిరిడ్ నల్లి దోమ గుడ్లను పీల్చేస్తుంది. మందు కొట్టగానే ముందు చచ్చేవి ఇవే. గుడ్డు ఆకు తొడిమలో దాక్కుని ఉంటుంది కాబట్టి దోమ పిల్లలు మళ్లీ వస్తాయి, ఈసారి వాటిని ఆపేవాడు ఉండడు.
ఇండోనేషియాలో 1986లో ఇదే కారణంగా వరిలో 57 రకాల పురుగుమందులు ఒక్కసారిగా నిషేధించారు. పంట పోలేదు. అక్కడి నుంచే రైతు పొలం బడులు మన దాకా వచ్చాయి.

ఖమ్మం_కౌలు
వరి వేరు అన్నా. వరిల నీళ్లుంటయ్, సాలీడు ఎటైనా దాక్కుంటది. మిర్చిల పురుగు పువ్వు లోపట కూసుంటది. మందే చేరదు, నీ అక్షింతల పురుగు ఎట్ల చేరుతది?

అల్మేరియా_తెలుగోడు
సరైన ప్రశ్న, దీనికి నా దగ్గర జవాబు ఉంది. స్పెయిన్‌లో అల్మేరియాలో గ్రీన్‌హౌస్‌లలో పనిచేస్తున్నాను, మా పంట క్యాప్సికం. ఇక్కడా సమస్య పువ్వులో దూరే తామర పురుగే, రకం వేరు. 2006 చివర్లో ఇక్కడి మిరపకాయల్లో అనుమతి లేని మందు అవశేషాలు జర్మనీలో దొరికాయి. సూపర్‌మార్కెట్లు సరుకు వద్దన్నాయి. ఆ దెబ్బకు రెండు మూడేళ్లలో దాదాపు మిరప గ్రీన్‌హౌస్‌లన్నీ పరభక్షక పురుగుల మీదికి మారిపోయాయి. ఇది మనసు మారి చేసింది కాదు, కొనేవాడు లేక చేసింది.
ఇక్కడ వాడేవి రెండు. ఒకటి ఓరియస్ అనే చిన్న నల్లి, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, సూది లాంటి ముక్కుతో తామర పురుగును గుచ్చి పీల్చేస్తుంది. అది ఉండేదే పువ్వులో. రెండోది స్విర్‌స్కీ అనే పరభక్షక నల్లి, సంచుల్లో వస్తుంది, మొక్కకు తగిలిస్తాం. ఈ రెండూ పుప్పొడి కూడా తింటాయి. అందువల్ల పురుగు లేని రోజుల్లో కూడా పువ్వులోనే బతికి కాపలా కాస్తాయి. పురుగు వచ్చాక వదలం. పూత రాగానే, పురుగు కనపడక ముందే వదులుతాం. ఖమ్మం అన్న అడిగినదానికి ఇదే సమాధానం, పువ్వులోకి చేరే పురుగే కావాలి, అక్షింతల పురుగు కాదు.

ఖమ్మం_కౌలు
మంచిగ చెప్పినవ్. కానీ మీది ప్లాస్టిక్ కప్పు కింద. వదిలిన పురుగు ఎటూ పోదు. మాది బయలు. పక్కోడు మందు కొడితే గాలికి నా చేన్ల పడ్తది.

అల్మేరియా_తెలుగోడు
అది ఒప్పుకుంటాను. ఇక్కడి లెక్కలు తెచ్చి పల్నాడులో యథాతథంగా పెడితే కుదరదు. బయలు పొలంలో కొనుక్కొచ్చి వదలడం కన్నా ఉన్నవాటిని చావకుండా చూసుకోవడం మేలు.

రాజేంద్రనగర్_పీజీ
మన దగ్గర కూడా ఓరియస్ ఉంది. కొనక్కర్లేదు, మందులు తక్కువగా కొట్టిన మిర్చి పూలల్లో, జొన్న కంకుల్లో, మొక్కజొన్న పీచులో కనిపిస్తుంది. అదే కుటుంబానికి చెందిన బ్లాప్టోస్టెథస్ అనే నల్లిని బెంగళూరులో ఎన్‌బీఏఐఆర్ అనే వ్యవసాయ పురుగుల పరిశోధన సంస్థ వాళ్లు బియ్యపు చిలుక గుడ్ల మీద పెంచే పద్ధతి తయారుచేశారు. తామర పురుగును, ఎర్రనల్లిని తింటుంది.
పల్నాడు అన్నా, రేపు పొద్దున్నే తెల్ల కాగితం మీద పువ్వులు దులపండి. సన్నగా దారం ముక్కలా పొడుగ్గా ఉంటే తామర పురుగు. వెడల్పుగా, చదునుగా, వీపు మీద మడిచిన రెక్కలపై తెల్లటి మచ్చ ఉండి చకచకా పరిగెత్తితే అది మన నల్లి. దాన్ని చంపకండి.

మిద్దెతోట_శారద
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. అక్షింతల పురుగు మంచిదని అందరూ అంటారు కదా, మా మేడ మీద వంకాయ ఆకుల్ని జల్లెడ చేసింది అక్షింతల పురుగే. నేను దానికి దండం పెట్టాలా, దులిపేయాలా?

గోదారి_వరి
దులిపేయండమ్మా, అది వేరే ఇంటి బిడ్డ 😄

రాజేంద్రనగర్_పీజీ
శారదక్కా, వంగ, టమాటా, కాకర మీద ఆకు గీకి తినే అక్షింతల పురుగు ఉంటుంది. రెండు రెక్కల మీద కలిపి 28 చుక్కలు, ఒంటి మీద సన్న నూగు, మెరుపు ఉండదు. దాని పిల్లపురుగు పసుప్పచ్చగా ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. పేనుబంకను తినేవి నున్నగా మెరుస్తాయి, చుక్కలు తక్కువ, కొన్నింటికి అడ్డచారలు. వాటి పిల్లపురుగు నల్లగా పొడుగ్గా, నారింజ మచ్చలతో మొసలి పిల్లలా ఉంటుంది. చాలామంది దాన్నే చీడ అనుకుని నలిపేస్తారు. పెద్ద పురుగులాగే ఆ పిల్ల కూడా పేనుబంకను బాగా తింటుంది.

మిద్దెతోట_శారద
28 చుక్కలే! లెక్కపెట్టాను. ఆ ముళ్ల పిల్లల్ని సబ్బు నీళ్లలో వేస్తున్నాను ఇప్పుడే.
మందారానికి పిండినల్లి కూడా ఉంది. దాని మధ్యలో తెల్లగా దూది పోగుల్లాంటి పెద్ద పురుగులు తిరుగుతున్నాయి, అవీ పిండినల్లే కదా?

కోనసీమ_అబ్బాయి
ఆగండాగండి, వాటిని ముట్టుకోకండి! గబగబా నడుస్తున్నాయా? అయితే అవి క్రిప్టోలేమస్ అక్షింతల పురుగు పిల్లలు. పిండినల్లిని తినేవి. వేషం మాత్రం పిండినల్లిదే. పిండినల్లి నెమ్మదిగా జరుగుతుంది, ఒకచోట అతుక్కుని ఉంటుంది. ఇవి చురుగ్గా తిరుగుతాయి, సైజు కూడా పెద్దది. ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి 1898లో తెచ్చారు. ద్రాక్ష, జామ, కాఫీ తోటల్లో ఇప్పటికీ వాడతారు.
ఇంకో మాట. మీ మందారం కొమ్మ మీద చీమలు బారులు తీరి ఉంటే ముందు వాటిని ఆపండి. పిండినల్లి విసర్జించే తీపి కోసం చీమలు దాన్ని మేపుతాయి, తినడానికి వచ్చిన అక్షింతల పురుగును తరిమేస్తాయి. కాండానికి గ్రీజు పట్టీ వేస్తే చాలు.

మిద్దెతోట_శారద
చీమలు ఉన్నాయండీ! ఎంత పెద్ద సంగతి చెప్పారు. మా వారు హిట్ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, ఆపేశాను.

కోనసీమ_అబ్బాయి
మా దగ్గర కొబ్బరి కథ చెప్తాను, ఖమ్మం అన్నకు పనికొస్తుంది. సర్పిలాకార తెల్లదోమ గుర్తుందా? 2016లో పొల్లాచ్చి దగ్గర మొదట పట్టుకున్నారు, ఆ వెంటనే కడియం నర్సరీల వైపు వచ్చింది. ఆకుల అడుగున తెల్ల చుట్లు చుట్లుగా గుడ్లు, పై ఆకులు నల్ల మసి. తోటలోకి వెళ్తే చొక్కా కూడా నల్లబడేది. జనం బెంబేలెత్తి చెట్టుకు మందులు ఎక్కించడం మొదలుపెట్టారు. మందు కొట్టిన తోటల్లో దోమ ఇంకా ముదిరింది.
అప్పుడు అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు వద్దని పోరు పెట్టి చెప్పారు. ఈ దోమతో పాటే ఎన్‌కార్సియా అనే చిన్న బదనిక కూడా ఎవరూ పిలవకుండానే దేశంలోకి వచ్చేసింది. అది దోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. మందు కొడితే ముందు అదే పోతుంది. వాళ్లు అల్లిక రెక్కల పురుగులో డైకోక్రైసా అనే రకాన్ని పెంచి, గుడ్లు రైతులకు ఇచ్చారు, ఆకులకు తగిలించుకునేలా. ఇసారియా అనే శిలీంధ్రం కూడా ఇచ్చారు. మసికి గంజి నీళ్లు కొట్టమన్నారు, ఎండాక పొరలా ఊడిపోతుంది.
మా తోటలో దోమ పూర్తిగా పోలేదు, ఎండాకాలం మళ్లీ కనిపిస్తుంది. కానీ కాపు నిలబడింది, మందు ఖర్చు లేదు. పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఒక గుర్తు ఉంది. దోమ పిల్ల పొట్టు మీద టీ అక్షరంలా చీలిక ఉంటే దోమ బయటికి ఎగిరింది. గుండ్రటి కన్నం ఉంటే బదనిక దాన్ని తిని బయటికి వచ్చింది. మా ఊళ్లో పిల్లలు కూడా భూతద్దంతో చూసి చెప్పేస్తారు.

నల్లరేగడి
గుండ్రటి కన్నం సంగతి బాగుంది. స్కూల్లో సైన్స్ టీచర్లు ఇలాంటివి చూపిస్తే ఎంత బాగుంటుందో.

జహీరాబాద్_చెరకు
మాకు చెరకులో అచ్చంగా ఇదే జరిగింది. 2002లో మహారాష్ట్ర, కర్ణాటకలో తెల్ల ఉన్ని పేనుబంక చెరకును కప్పేసింది, తర్వాత మా వైపూ వచ్చింది. ఎత్తు చెరకులో మందు కొట్టడానికి మనిషి దూరలేడు. చివరికి దాన్ని అదుపు చేసింది డిఫా అనే గొంగళి పురుగు, మైక్రోమస్ అనే పురుగు. గొంగళి పురుగు ఆకు తినకుండా పేనుబంకను తినడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. అవి ఉన్న చెరకు ఆకుల్ని కోసి, పురుగు ఉన్న పక్క తోటలో గెడలకు కట్టేవాళ్లం. రూపాయి ఖర్చు లేదు. చెరకు ఫ్యాక్టరీ వాళ్లు కూడా సహకరించారు.

ఖమ్మం_కౌలు
కొబ్బరి, చెరకు అంటే ఏళ్లకేళ్లు నిలబడి ఉండే పంటలు. తోట కదలదు కాబట్టి పురుగు ఇల్లు కట్టుకుంటది. మిర్చి ఆర్నెల్లు. దున్నిన ప్రతిసారి మళ్ల మొదటికే. నేను నమ్మట్లేదని కాదు, దీనికి జవాబు కావాలె.

రిటైర్డ్_ఏవో
సరిగ్గా పాయింటు పట్టుకున్నావు. ఆరు నెలల పంటలో మిత్రపురుగుకు ఇల్లు మనమే కట్టాలి. అందుకే చుట్టూ మూడు నాలుగు వరసలు జొన్నో మొక్కజొన్నో వేయమంటాం. పక్క చేను నుంచి వచ్చే పురుగుకు అడ్డం, మందు జల్లుకు తెర, మన నల్లికి వసతి. మిర్చి నాటినప్పుడే వేయాలి, పూత వచ్చాక గుర్తొస్తే లాభం లేదు. మధ్యలో అలసంద సాలు వేస్తే దాని మీద పేనుబంక వస్తుంది, భయపడొద్దు, అది మిర్చికి పెద్దగా పాకదు, దాని కోసం అక్షింతల పురుగులు, సిర్ఫిడ్ ఈగలు వచ్చి అక్కడే పిల్లల్ని పెడతాయి. ధనియాలు పూతకు వదిలితే అల్లిక రెక్కల పురుగు తల్లులు వస్తాయి. ఆ తల్లి తాగేది మకరందం, తినేది పుప్పొడి. పురుగుల్ని తినేది దాని పిల్ల. పూలు లేని చేలో గుడ్లు పెట్టడానికి ఎందుకు వస్తుంది?
పాత ఖమ్మం జిల్లాలోనే, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, పునుకుల అనే ఊరు ఉంది. పత్తి, మిర్చి పండించేవాళ్లే. మందుల అప్పుల్లో మునిగి, ఊరంతా కూర్చుని 2004 ప్రాంతంలో రసాయన పురుగుమందులు మానేశారు. ఒక్కరు మానేస్తే పక్కవాడి మందు గాలికి వస్తుంది, ఊరు మానేస్తే ఆ సమస్య ఉండదు. నీ అభ్యంతరానికి నేను చూసిన జవాబు అదొక్కటే.

ఖమ్మం_కౌలు
పునుకుల పేరు విన్న. మా మేనమామ పాల్వంచ దిక్కే. అక్కడ భూమి సొంతంగా ఉన్నోళ్లు ఎక్కువ కావచ్చు, కౌలుదారుకు వచ్చే ఏడు ఆ చేను ఉంటదో లేదో తెల్వదు. జొన్న సాలు మాత్రం వేయొచ్చు, దానికి పెట్టుబడి ఎక్కువేం కాదు, పశువులకు మేతైనా అయితది.

పల్నాడు_మిర్చి
ఇన్ని చెప్పారు, సంతోషం. నాకు ఇప్పటికి ఏం చేయాలో సూటిగా కావాలి. జొన్న వేయలేదు. అల్లిక రెక్కల పురుగు గుడ్లు తెప్పించనా వద్దా?

రాజేంద్రనగర్_పీజీ
తెప్పించొచ్చు అన్నా, తామర పురుగు పిల్లల్ని అది తింటుంది. కానీ మూడు చూసుకోండి. మీరు ఈమధ్య పైరిత్రాయిడ్ కొట్టి ఉంటే దాని ప్రభావం ఆకు మీద వారాల తరబడి ఉంటుంది, వదిలిన పిల్లలు చస్తాయి. రెండోది, ఒకచోట కుప్పగా వదిలితే ఒకదాన్నొకటి తినేస్తాయి, పొట్టులో కలిపి మొక్క మొక్కకీ చల్లాలి. మూడోది, సాయంత్రం వదలండి. ఒక్కసారి కాదు, పూత సాగినన్నాళ్లూ విడతలుగా.
పువ్వులో ముదురు పురుగుల్ని మాత్రం ఇది పూర్తిగా ఆపలేదు. నీలం రంగు జిగురు అట్టలు పెట్టండి, యూరియా తగ్గించండి, వేపనూనె కొట్టండి. వచ్చే ఏడు మల్చింగ్ షీటు వేస్తే మట్టిలోకి దిగి కోశం కట్టే పురుగులకు అడ్డం పడుతుంది.

అల్మేరియా_తెలుగోడు
మూడెకరాల్లో ఒక ఎకరానికే చేయండి అన్నా. మిగతా రెండూ మీకు తెలిసిన పద్ధతిలోనే. మందు కొట్టే ఎకరం గాలి వాటం చూసుకుని ఈ ఎకరానికి దూరంగా ఉండాలి.

ఖమ్మం_కౌలు
ఇది నచ్చింది. ఒక ఎకరం పోయినా మనిషి బతుకుతడు.

పల్నాడు_మిర్చి
ఈ రోజు పొద్దున్నే వాగు వైపున్న ఎకరంలో పువ్వులు దులిపాను. అక్కడ మందు చివరిసారి కొట్టి చాలా రోజులైంది, తడి ఉండి ట్రాక్టర్ దిగలేదు. తామర పురుగుల మధ్య చెల్లెమ్మ చెప్పిన వెడల్పాటి నల్లి కనిపించింది, వెనక తెల్ల మచ్చతో. రోడ్డు వైపు ఎకరాల్లో ఒక్కటి లేదు, అక్కడ తామర పురుగు మాత్రం దండిగా ఉంది.

రాజేంద్రనగర్_పీజీ
అన్నా అది ఓరియసే! ఫోటో పెట్టండి, నిర్ధారణగా చెప్తా. ఆ ఎకరాన్నే వదిలేయండి, దాంట్లో ఏ రసాయన మందూ పడనివ్వకండి.

రిటైర్డ్_ఏవో
వాగు గట్టున ఏం మొక్కలున్నాయి? వయ్యారిభామ కాకుండా పూలు పూసే కలుపు ఏదైనా ఉంటే ప్రస్తుతానికి పీకించకు.

పల్నాడు_మిర్చి
గట్టున అలసంద ఉంది బాబాయ్, ఎవరో కూరకని వేసుకున్నారు. ఫోటో సాయంత్రం పెడతా. ఆ ఎకరాన్ని వదిలేస్తున్నా. గుడ్లకు ఇండెంట్ పెట్టడానికి రేపు గుంటూరు దగ్గర లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం వైపు వెళ్తున్నా, అక్కడ లేకపోతే ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి.

కోనసీమ_అబ్బాయి
ముందు ఫోన్ చేసి వెళ్లండి అన్నా. ఐస్ ప్యాక్ వేసిన థర్మాకోల్ డబ్బా తీసుకెళ్లండి, బస్సులో ఎండ తగిలితే దారిలోనే పొదిగి ఒకదాన్నొకటి తినేస్తాయి.